పుంటికూరకి యాప్ రాసిన కథ

మా కాలనీలో బుధవారం సంత. హైదరాబాద్‌లో చాలా చోట్ల ఇంతే, సోమవారం ఒక కాలనీ, మంగళవారం ఇంకో కాలనీ. అవే బళ్లు, అవే మనుషులు, రోజుకో రోడ్డు. మధ్యాహ్నం మూడింటికి నీలం టార్పాలిన్లు పరుస్తారు. ఆరయ్యేసరికి బ్యాటరీలకు తగిలించిన ఎల్‌ఈడీ బల్బులు వెలుగుతాయి. రాత్రి పదికల్లా రోడ్డు మళ్లీ రోడ్డైపోతుంది. నలిగిన క్యాబేజీ ఆకులూ, వాటికోసం వచ్చిన రెండు ఆవులూ మిగులుతాయి.

2020లో లాక్‌డౌన్ సడలించి సంత మళ్లీ మొదలైన కొత్తల్లో నేనూ, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ముగ్గురూ కలిసి ఈ సంతకి, ఇంట్లోంచే ఆర్డర్ పెట్టుకునేలా ఒక యాప్ రాశాం. సరిగ్గా మూడు వారాలు నడిచింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకరు రాసిన దాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. మా యాప్‌లో తప్పులు మాత్రం అది సంతలోకి వెళ్లాకే నాకు కనబడ్డాయి.

స్థానిక మార్కెట్లని టెక్నాలజీతో బలోపేతం చేయాలి అని ఎవరన్నా నాకు ఆ మూడు వారాలే గుర్తొస్తాయి. చేయాలి, కాదనను. అయితే అమ్మేవాళ్ల మాట కొనేవాళ్లకీ, కొనేవాళ్ల మాట అమ్మేవాళ్లకీ వినపడేలా చేసే సాధనం ఒక రకం, ఇద్దరి మధ్యా వచ్చి కూర్చునేది ఇంకో రకం. మొదటి రకం వచ్చిన చోట సంత బతుకుతుంది. రెండో రకం సంత కడుపులోంచే తింటుంది. మేం ఎంతో మంచి ఉద్దేశంతో రెండో రకం రాశాం.

సంతలో ఆకుకూరలమ్మే పెద్దమ్మది శంకర్‌పల్లి వైపు పల్లె. ఇరవై గుంటల మడి, అందులో ఏడు రకాల ఆకు. తెల్లవారుజామున కోసి, తడి గోనెసంచిలో చుట్టి, మూటలు కట్టుకుని వస్తుంది. అప్పట్లో ఆమెది బటన్ ఫోను. స్మార్ట్‌ఫోన్ ఇంటర్ చదివే మనవడి చేతిలో ఉండేది. యాప్ అతని ఫోన్లో వేశాం.

మొదటి తప్పు పేర్ల దగ్గరే వచ్చింది. మేం ఎక్కడో దొరికిన కూరగాయల జాబితా తెచ్చి పెట్టాం. అందులో ‘సారెల్ లీవ్స్’ అని ఉంది. తెనాలి వైపు నుంచి వచ్చిన నాకు అది గోంగూర. పక్కింటి ఆవిడకి చుక్కకూర. ఇంగ్లీషులో రెండింటినీ ఆ పేరుతోనే అమ్ముతారని నాకు అప్పుడే తెలిసింది. పెద్దమ్మకేమో అసలు గోంగూర అన్న పేరే లేదు, తెలంగాణలో ఆ ఆకే పుంటికూర. చుక్కకూర పప్పు చేద్దామని ఆర్డర్ పెట్టినావిడ ఇంటికి మూడు కట్టల పుంటికూర వెళ్లింది. సంతలో అయితే ఈ గొడవే లేదు. వేలు పెట్టి చూపిస్తాం, తీసుకుంటాం.

రెండోది ధర. సాయంత్రం ఐదింటికి ఇరవై రూపాయలకి మూడు కట్టలు. ఎనిమిదింటికి నాలుగు. తొమ్మిదిన్నరకి, మబ్బు పట్టిందంటే ఆరు కూడా ఇస్తుంది. మా యాప్‌లో రోజుకి ఒకటే ధర. గంట గంటకీ మారిస్తే కొనేవాళ్లు మోసం అంటారని మేమే భయపడ్డాం. వాడిపోయే సరుకు అమ్మే మనిషికి ఉన్న ఒక్క ఆయుధాన్నీ అలా లాగేసుకున్నాం.

మూడోది లెక్క. ఎన్ని కట్టలున్నాయో ముందు నమోదు చేయాలి. “ఎన్నున్నాయి పెద్దమ్మా?” అంటే, “ఉన్నయి బిడ్డా, ఆడికాడికి” అంది. మనవడు ఊహించి అరవై అని కొట్టాడు. ఎదురుగా నిలబడినవాళ్లకి అమ్మకుండా యాప్ వాళ్ల కోసం ఆపడం ఆమె వల్ల కాలేదు. చేతిలో సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషిని లేదు పొమ్మని ఎలా అంటుంది? ఆ రాత్రి పదకొండు ఆర్డర్లకి సరుకు లేదు.

నాలుగోది చెబితే ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు. సంచిలో కరివేపాకు వేయలేదని ఫిర్యాదులొచ్చాయి. కొసరు లేకుండా కూరగాయలు కొన్న అలవాటు ఎవరికుంది? మేం నలుగురం కూర్చుని చర్చించి, ‘కరివేపాకు, సున్నా రూపాయలు’ అని జాబితాలో చేర్చాం. మర్నాడు ఒకాయన కరివేపాకు ఒక్కటే ఆర్డర్ పెట్టాడు. నాలుగో అంతస్తు.

కొసరు గురించి అప్పటిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. అది ఉచితంగా ఇచ్చే వస్తువు అనుకున్నాను. నిజానికి అది మళ్లీ వారం కూడా నా దగ్గరికే రా అని చెప్పే పద్ధతి. ఎవరికి ఎంత వెయ్యాలో ఆమెకి తెలుసు. బేరం ఆడకుండా తీసుకున్నవాళ్లకి కాస్త ఎక్కువ, గీచి గీచి అడిగినవాళ్లకి రెండు రెమ్మలు. దాన్ని జాబితాలో వస్తువు చేశాక అది కొసరు ఎలా అవుతుంది?

మూడో వారం యాప్ తీసేశాం. తీసేసినట్టు ఎవరూ గమనించలేదు కూడా.

ఆ దెబ్బకి టెక్నాలజీ అంటేనే విసుగు పుట్టాల్సింది. పుట్టలేదు, ఎందుకంటే కేరళ చేపల సంగతి అంతకు ముందే చదివి ఉన్నాను. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి మత్తి (సార్డిన్) చేపల వ్యాపారాన్ని 1996 నుంచి 2001 దాకా వారం వారం లెక్క రాసి, 2007లో ప్రచురించాడు. 1997 జనవరి 14 ఉదయం వడకర తీరంలో పదకొండు మంది జాలర్లకి కొనేవాడు దొరక్క పట్టిన చేపలు పారబోయాల్సిన పరిస్థితి. అదే పూట అటూ ఇటూ 15 కిలోమీటర్లలోపు ఉన్న చోంబాల, కొయిలాండి తీరాల్లో 27 మంది కొనేవాళ్లు చేపల్లేక ఖాళీ చేతులతో తిరిగిపోబోతున్నారు. అరగంట దూరంలో ఉన్న ఇద్దరికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

తర్వాత తీరం వెంబడి ఒక్కో ప్రాంతానికీ సెల్ టవర్లు వచ్చాయి. సిగ్నల్ సముద్రంలోకి ఇరవై పాతిక కిలోమీటర్ల దాకా అందేది. జాలర్లు పడవలోంచే నాలుగు తీరాలకి ఫోన్ చేసి ఎక్కడ ధర ఉందో అడిగి అటు తిప్పడం మొదలుపెట్టారు. పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలు జరగడం వ్యాపారంలో అరుదు. అక్కడ ఫోన్ మాట మోసింది, అంతే. చేపలు కొనలేదు, అమ్మలేదు, ధర పెట్టలేదు, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోలేదు.

మా సంతలోనూ చివరికి నిలబడింది అలాంటిదే. యాప్ పోయిన నెలకి మనవడే మొదలుపెట్టాడు, మమ్మల్ని అడగలేదు. యాప్ కోసం పోగు చేసిన నంబర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, బుధవారం పదకొండింటికి నాయనమ్మ చేత మాట్లాడించి వాయిస్ మెసేజ్ పెట్టాడు. “ఇయాల పుంటికూర మంచిగుంది. గంగవాయిలి కూర జెర్రంతనే ఉంది. మెంతికూర లేదు. వానొచ్చేటట్టుంది, జల్దీ రాండ్రి.” పదిహేను సెకన్లు. పేర్ల గొడవ లేదు, ఆమె ఏమంటే అదే పేరు. ధర చెప్పదు, వచ్చాక చూసుకోవాలి. ఎన్ని ఉన్నాయో చెప్పదు, జెర్రంత అంటే జెర్రంత. గంగవాయిలి కూర ఇష్టమైనవాళ్లు ఐదింటికే పరిగెత్తుతారు. ఎవరో ఒకరు, “పెద్దమ్మా, వచ్చే వారం పొన్నగంటి కూర తెస్తావా, కంటి ఆపరేషన్ అయినాయన ఉన్నాడు” అని తిరిగి పెడతారు. తెస్తుంది.

చూస్తుండగానే ఉల్లిపాయలాయన, టమాటా బండి, ఎండు చేపలామె కూడా అందులో మాట్లాడడం మొదలుపెట్టారు. ఎండు చేపలామె మాట్లాడినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోతారు, మళ్లీ ఆకుకూరల కోసం తిరిగొస్తారు.

ఆ గ్రూపు విలువ తెలిసింది ఆకుకూరల వల్ల కూడా కాదు. ఒక బుధవారం మధ్యాహ్నం బళ్లు వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు. ఇక్కడ పెట్టడానికి వీల్లేదు, ట్రాఫిక్ అన్నారు. ఎక్కడ పెట్టుకోవాలో చెప్పినవాళ్లు లేరు. రెండు వీధుల అవతల ఖాళీ జాగా పక్కన సర్దుకున్నారు. మామూలుగా అయితే ఆ రోజు సరుకంతా గంగపాలే. సంత అంటే అలవాటు కదా, కాళ్లు పాత రోడ్డుకే వెళ్తాయి, అక్కడ కనబడకపోతే ఇంటికెళ్లిపోతాయి. మనవడు కొత్త చోటు లొకేషన్ పెట్టాడు. నాలుగున్నరకల్లా జనం అటు మళ్లారు. పెద్దమ్మ తెచ్చిన మూటలు ఖాళీ అయ్యాయి. గ్రూపులో లేని బొప్పాయిలాయన సగం సరుకు వెనక్కి మోసుకెళ్లాడు. మర్నాడు తనూ చేరాడు.

నన్నడిగితే, సంతకి టెక్నాలజీ చేయగల అతి పెద్ద ఉపకారం ఈ ఒక్క ముక్క: ఇవాళ సంత ఎక్కడ, ఏముంది. ఈ పని ప్రభుత్వం కూడా చేయొచ్చు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నిక ద్వారా రావాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీ కూర్చుని ఏ వారం ఏ వీధి అని ఒక మ్యాపు గీసి, అందరికీ కనబడేలా పెట్టి, బారికేడ్ వేసేవాళ్ల చేతిలో కూడా అదే మ్యాపు ఉంచితే చాలు. అందులో కృత్రిమ మేధ అక్కర్లేదు.

ఇక డబ్బు. క్యూఆర్ కోడ్, దాని పక్కన మాట్లాడే డబ్బా. ఈ డబ్బా అంటే నాకు గౌరవం. టెస్టింగ్ మనిషిగా చెబుతున్నాను, గత పదేళ్లలో సంత మనుషుల్ని చూసి తయారుచేసిన వస్తువుల్లో దాన్ని మించింది నాకు కనబడలేదు. అక్షరం రాని మనిషికి తెరమీద ఆకుపచ్చ టిక్కు చూపించి “కట్టేశాను” అని వెళ్లిపోయిన ఘనులు మా సంతలోనూ ఉన్నారు. అది నిజం టిక్కో, పాత ఫోటోనో ఆమెకెలా తెలుస్తుంది? డబ్బా వచ్చాక పెద్దమ్మ తల ఎత్తదు. కట్టలు విడదీస్తూనే ఉంటుంది, “ముప్పై రూపాయలు అందాయి” అని తెలుగులో వినబడ్డాక సంచీ చేతికిస్తుంది. బోణీ మాత్రం ఇప్పటికీ నోటే కావాలి. కళ్లకద్దుకుని గంపకి తాకించి లోపల పెట్టుకుంటుంది, డబ్బాని కళ్లకద్దుకోలేదు కదా.

కానీ ఆ ముప్పై రూపాయలు అందింది ఎవరికి? చాలా రోజులు నేనడగలేదు. క్యూఆర్ మనవడి ఖాతాది. ఒక రాత్రి సామాను సర్దుతూ ఆటోకి ఇవ్వడానికి డబ్బుల్లేక పెద్దమ్మ పక్క బండి పండ్లాయన దగ్గర వంద చేబదులు తీసుకోవడం చూశాను. రోజంతా డబ్బా అరుస్తూనే ఉంది, రాత్రి ఆమె కొంగులో బోణీ నోటు తప్ప లేదు. మనవడు మంచి పిల్లాడే, అడిగితే ఇస్తాడు. అడగాలి, అదే తంటా. ఇరవై గుంటల మడి సొంతంగా దున్నించుకున్న మనిషి తను అమ్మిన ఆకుకూర డబ్బు తనే అడిగి తీసుకోవాలి. ఆ తర్వాత ఆమె పేరుమీద ఖాతా, ఫోను, కొత్త క్యూఆర్ పెట్టించడానికి నాకూ ఆమెకీ రెండు నెలలు పట్టింది. ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా, వేలిముద్ర పడదు. డెబ్భై ఏళ్లు మట్టి పిసికిన వేళ్లకి గీతలెక్కడివి?

పండ్లాయన కథ వేరు. వీధి వ్యాపారులకి అప్పిచ్చేందుకు 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత పదివేలు తీసుకున్నాడు, వాయిదాలు కట్టి రెండో విడతకీ వెళ్లాడు. క్యూఆర్ వాడితే కొంత క్యాష్‌బ్యాక్ కూడా వచ్చింది. అంతకు ముందు అతనిది పొద్దున తొమ్మిది వందలు చేతికిచ్చి సాయంత్రం వెయ్యి వసూలు చేసుకునే అప్పు. ఆ ఊబిలోంచి బయటపడ్డానంటాడు, నమ్ముతాను. ఇక్కడ ఫోన్లో మిగిలిన లెక్క అతనికి పనికొచ్చింది.

అదే లెక్క ఇంకో చోట మెడకి చుట్టుకుంది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లావాదేవీలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో కోటీ 63 లక్షల లావాదేవీలు చూపించి 29 లక్షలు కట్టమన్నారు. పచ్చి కూరగాయల మీద అసలు జీఎస్టీయే లేదు. బెంగళూరులో దుకాణాల మీద ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని కాగితాలు వెలిశాయి. తర్వాత పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి ప్రకటించారు. కానీ భయం అంత తొందరగా పోతుందా? ఆ వారం మా సంతలోనూ రెండు బళ్ల మీద క్యూఆర్ అట్టలు బోర్లా పడుకున్నాయి. పన్ను కట్టాల్సినవాళ్లు కట్టాలి, అందులో తగువు లేదు. కానీ తన లెక్క తనకి చదవడం రాక, ఎక్కడో ఉన్నవాళ్లు మాత్రం చదవగలిగితే దాని వల్ల పెద్దమ్మకి బలమెలా వస్తుంది? ఆ డబ్బా “ముప్పై అందాయి” అన్నట్టే నెలాఖరున “ఈ నెల ఇంత అమ్మావు, ఇంత ఖర్చయింది” అని కూడా చెప్పగలిగితే బాగుండు.

పెద్ద ప్రయత్నాలని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ ఉంది, మార్కెట్ యార్డుల్లో పంటని ఆన్‌లైన్‌లో వేలం వేసే కేంద్ర ప్రభుత్వ ఏర్పాటు. నిజామాబాద్ యార్డులో పసుపు రాశికి లాట్ నంబరు వేసి, నాణ్యత చూసి, వ్యాపారులు ఎవరి ధర వాళ్లు కంప్యూటర్లో వేస్తారు. తువ్వాలు కింద వేళ్లు నొక్కి ధర తేల్చే కాలం పోయింది, మంచిదే. కానీ పసుపు కొమ్ము ఆగుతుంది. పాలకూర ఆగదు. బస్తాల లెక్కన నాణ్యత తేల్చగలిగే సరుకుకి పనికొచ్చింది కదా అని గంపలో సరుకుకి తగిలిస్తే మా ‘సారెల్ లీవ్స్’ కథే మళ్లీ జరుగుతుంది.

దానికంటే పాతదీ చవకదీ మన దగ్గర ఒకటుంది. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలైనప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. గేటు దగ్గర నల్లబోర్డు, సుద్దముక్కతో ఆ రోజు ధరలు. హోల్‌సేల్ ధర కంటే పాతిక శాతం ఎక్కువ, బయట చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువ ఉండేలా రైతులూ, ఎస్టేట్ ఆఫీసరూ కలిసి పొద్దున్నే నిర్ణయించేవారు. రైతుకి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. మా నాన్న బోర్డు ముందు నిలబడి పూర్తిగా చదివి, లోపలికెళ్లి ప్రతి ధరా మళ్లీ అడిగేవారు, నమ్మకం లేక కాదు, మాట కలపడానికి. రైతు కార్డు పట్టుకుని దళారీలు దూరడం తర్వాత చాలా చోట్ల జరిగింది, దాన్నెవరూ కాదనరు. అయినా ఆ బోర్డు కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఒకేసారి కనబడేది. ఫోన్లో చూపించే ధరల్లో నాకు నచ్చనిది అదే, నాకు కనబడే ధర ఒకటి, అమ్మేవాళ్లకి అందేది ఇంకొకటి, మధ్యలో ఎంత పోయిందో ఇద్దరికీ తెలియదు.

ఇంకో మాట. టెక్నాలజీ అనగానే అందరి చెయ్యీ జేబులో ఫోన్ మీదకే ఎందుకు పోతుంది? బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజూ పోగయ్యే పది టన్నుల చెత్తని హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటులో వేసి, రోజుకి సుమారు 500 యూనిట్ల కరెంటు తీయడం మొదలుపెట్టారు. కరెంటు మార్కెట్ దీపాలకి, గ్యాసు క్యాంటీన్‌కి. మార్కెట్‌కి పనికొచ్చే టెక్నాలజీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అది. మా సంతలో ఎవరి బల్బుకి వాళ్లు బ్యాటరీ అద్దెకి తెచ్చుకుంటారు. పక్కనే వీధి దీపం స్తంభం ఉంది.

పెద్దమ్మని ఒకసారి సూటిగా అడిగాను, నీకేం కావాలి అని. ఏ ఫోనో, ఏ లోనో అంటుందనుకున్నాను. “ఒక్క రూము గావాలె బిడ్డా, ఆడోళ్లకు. పగటీలి సంది నీళ్లు తాగం” అంది. మధ్యాహ్నం నుంచి రాత్రి పదిదాకా ఆ వీధిలో ఆడవాళ్లు వెళ్లడానికి చోటు లేదు కాబట్టి నీళ్లు తాగరు. నేను ఎనిమిదేళ్లుగా ఆమె దగ్గర కొంటున్నాను. మేం నలుగురం కూర్చుని కరివేపాకు గురించి చర్చించాం. ఉచిత బస్సు వచ్చాక ఆమెకి రానూపోనూ టికెట్ మిగిలింది. తనకి ఇంతకాలం జరిగిన మేలు ఏదంటే ముందు ఆ జీరో టికెట్ చెబుతుంది, తర్వాతే డబ్బా. యాప్ సంగతి ఆమెకి గుర్తున్నట్టు లేదు, నేనూ గుర్తు చేయలేదు.

పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు నా ఫోన్లోనూ ఉన్నాయి. గురువారం కొత్తిమీర అయిపోతే అందులోనే తెప్పిస్తాను. మోకాళ్ల నొప్పులతో నాలుగంతస్తులు దిగలేనివాళ్లకి అది వరమే, దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. మా సంతకి ఈ ఏడు వచ్చిన కష్టం కూడా అటు నుంచే వచ్చింది. మనవడికి అలాంటి కంపెనీ గోడౌన్లో ఉద్యోగం దొరికింది. ప్లాస్టిక్ సంచుల్లోని పాలకూర ఏరి బుట్టలో పెట్టడం అతని పని. నెల జీతం, నీడపట్టున ఉద్యోగం, నాయనమ్మకి చాలా సంతోషం. కాకపోతే బుధవారం పదకొండింటికి అతను డ్యూటీలో ఉంటాడు.

అందుకని పోయిన వారం పెద్దమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పించాను. మైకు బొమ్మ మీద వేలు పెట్టి, మాట్లాడినంతసేపూ తీయకూడదు అని నాలుగుసార్లు చెప్పాను. “గంతేనా” అంది. బుధవారం పదకొండుంబావుకి ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా గ్రూపులో మెసేజ్ వచ్చింది. రెండు సెకన్లు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. “ఇయాల...”

మీటింగ్ అయ్యేలోపు దాని కింద ముప్పై ఏడు జవాబులు. ఇయాల ఏముంది పెద్దమ్మా?